ఆదాయము మెరకకు, వ్యయము పల్లమునకు

నీరు పల్లమెరుగునను మాట కృష్ణా డెల్టాలో పుట్టిన ప్రతి బిడ్డకును అనుభవసిద్ధము. కాని యీ సీమలో నీటితో పాటు మఱి రెండు ప్రవాహములు గలవు. ఒకటి వ్యయము. అది ప్రకృతిధర్మము తప్పక పైనుండి క్రిందికి పారుచున్నది. గుడివాడ కల్యాణమండపమున నేడు వెలిగిన దీపతోరణము వచ్చు ముహూర్తములలో నాగాయలంక పాక ముందటి పందిరిలో వెలుగక తప్పదు. రెండవది ఆదాయము. అది ప్రకృతికి విరుద్ధముగ క్రిందినుండి మెరకకు ఎక్కుచున్నది. కోడూరు చేలలో వంగిన నడుము ఆర్జించినది మక్తాయై, వడ్డీయై, ఫీజై, పన్నై హైదరాబాదు మేడలకును, అచ్చటినుండి సముద్రముల కావలకును పోవుచున్నది. ఈ రెండింటి నడుమ ఊపిరాడక కొట్టుకొనుచున్నవాడు దివిసీమ కౌలురైతు. బందరు గిల్టు పనివాడు. పెడన అద్దకపు కూలి. వీరి దుఃస్థితికి కర్త ఎవడు? ఈ వారము మేము విచారింపదలచినది ఈ ప్రశ్నను.

దీనికి మన మండలపు పెద్దమనుష్యులు చెప్పు సమాధాన మొకటి గలదు. సభలలోను, రైలుపెట్టెలలోను, బియ్యపు మిల్లుల అరుగుల మీదను దానిని మనము నిత్యము వినుచునే యున్నాము. "కూలివానికి పొదుపు తెలియదు. వచ్చిన రూపాయి వచ్చినట్లే తగులబెట్టును. ఇల్లు రేకులది, చేతిలో సెల్‌ఫోను. వాకిట వాయిదాల మోటారుసైకిలు. పిల్ల ఓణీల వేడుకకు అయిదువందల విస్తళ్లు. పొద్దుగ్రుంకిన మద్యపు సీసా. వానికెంత యిచ్చినను నిలువదు." ఈ వాదము చెప్పువారికి మిక్కిలి యింపుగా నుండును, ఏలయన అది వారిపై ఏ బాధ్యతను మోపదు. పేదవాని పేదరికము పేదవాని దోషమే యైనచో ధనికుని ధనము ధనికుని సుగుణమే యగును గదా! మేము ఈ వాదము నంగీకరింపము. ఇది లెక్కకు నిలువదు, న్యాయమునకును నిలువదు.

మొదట లెక్క చూతము. 2023–24 సంవత్సరమున కేంద్రప్రభుత్వము జరిపిన కుటుంబ వినియోగవ్యయపు సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున పల్లెటూర మనిషికి నెలకు సగటు ఖర్చు 5,327 రూపాయలు. పట్టణమున 7,182 రూపాయలు. దేశపు సగటుకంటె మనది మెరుగని సంతసించువారు గలరు. కాని సగటు అనునది కాలువ మొదటను చివరను గల చేలను కలిపి కొలిచిన నీటి వంటిది. మొదటి చేను మునిగినను, చివరి చేను ఎండినను సగటు మాత్రము చక్కగనే యుండును. అదే సర్వేలో దేశమంతటి గ్రామములలో అట్టడుగున నున్న నూటి కయిదుగురు మనిషికి నెలకు వెచ్చించునది 1,677 రూపాయలు. పైనున్న నూటి కయిదుగురు వెచ్చించునది 10,137 రూపాయలు. పట్టణములలో క్రింద 2,376, పైన 20,310. నెలకు 1,677 అనగా దినమునకు 56 రూపాయలు. తిండి, బట్ట, మందు, దీపము, ప్రయాణము సర్వమును అందులోనే. ఇందులో దుబారా చేయదలచినవాడు దేనిని దుబారా చేయగలడో మా పెద్దమనుష్యులు సెలవియ్యవలెను.

ఇది వ్యయపు లెక్క మాత్రమే. ధనికుడు సంపాదించినదంతయు ఖర్చుపెట్టడు. కావున రాబడిలోని అంతరము ఖర్చులోని అంతరముకంటె ఎన్నియో రెట్లు పెద్దది. ప్రపంచ అసమానతలను పరిశోధించు ఆర్థికవేత్తలు 2024 లో ప్రకటించిన గణన ప్రకారము 2022–23 లో భారతదేశపు రాబడిలో 22.6 శాతము నూటి కొక్కని చేతిలో చేరినది; ఆస్తిలో 40.1 శాతము వానిదే. జనములో క్రిందిసగమునకు దక్కిన రాబడి నూటికి పదునైదు. ఆదాయపు పన్ను లెక్కలు లభించిన 1922 నుండి చూచినను పైవాని భాగము ఇంతగా పెరిగిన కాలము వేఱొకటి లేదని వారు తేల్చిరి. అనగా దొరల పాలనలో సయితము లేని అంతరము స్వరాజ్యమున వచ్చినది. స్వరాజ్యమునకై చెఱసాలలకు పోయిన బందరు పురవాసులు ఇందుకొఱకే పోయిరా?

మన డెల్టా ఐశ్వర్యము ఎవరి పుణ్యమున కలిగినదో యొకపరి స్మరింపవలసి యున్నది. 1832–33 లో డొక్కల కరవు ఈ ప్రాంతమును శ్మశానము చేసినది. 1852 లో మొదలై 1855 లో ముగిసిన బెజవాడ ఆనకట్ట ఆ నేలకు నీరిచ్చినది. ఆ యానకట్ట కట్టినది ప్రజల పన్నుతో, మోసినది ప్రజల భుజములతో. కాలువలు, లాకులు, రేవులు, వంతెనలు అన్నియు ప్రజాధనముచే వెలసినవి. ఆ నీరు సోకిన ఎకరము విలువ పెరిగినది. ఎకరము గలవాడు పెరిగినాడు. వాని పుత్రులు చదివిరి. పౌత్రులు అమెరికాకు పోయిరి. ఇందు మాకు అసూయ లేదు. చదివినవాడు చదువుకొనుగాక! కాని ప్రజలందఱి సొమ్ముతో తీసిన కాలువ కొందఱి చేలను మాత్రము బంగారము చేసినప్పుడు, ఆ బంగారమునందు కాలువ త్రవ్వినవాని మనుమనికి ఏమియు భాగము లేదా యని యడుగుటకు మాకు హక్కు గలదు.

ఒకప్పుడు ఈ మిగులును ఊరిలోనే నిలుపవలెనన్న యోచన మన నాయకులకు లేకపోలేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1915 లో కృష్ణా సహకార కేంద్రబ్యాంకును, 1923 లో ఆంధ్రాబ్యాంకును, 1925 లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని ఈ బందరునందే స్థాపించిరి. వైద్యవృత్తి నుండి దేశసేవకు వచ్చిన యాయన, రక్తము దేహమంతట ప్రసరింపనిదే అవయవములు చచ్చునని యెఱుగును, ధనమును అట్టిదే. రైతు దాచిన రూపాయి రైతునకే అప్పుగా రావలెనన్నది ఆ సంస్థల తత్త్వము. ఆంధ్రాబ్యాంకు పేరు 2020 ఏప్రిల్ 1 వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పేరు పోయినందుకు మేమంత విలపింపము. పల్లెలో దాచిన సొమ్ము పల్లెలోనే పనిచేయవలెనన్న ఆ తత్త్వము పేరుకంటె ముందే పోయినదే, అది మా విలాపము.

ఇక నేటి కౌలురైతు లెక్క చూతము. 2025–26 లో సామాన్యరకపు ధాన్యమునకు కేంద్రము నిర్ణయించిన మద్దతుధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అనగా 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. ఎకరమునకు ముప్పది బస్తాలు పండినవనుకొందము. వాని వెల 53,300 రూపాయలు. పంటలో సగము మక్తా క్రింద కొలుచునట్లు ఒప్పుకొన్నాడనుకొందము, మిగిలినది 26,650. దుక్కి, విత్తు, ఊడ్పు, ఎరువు, పురుగుమందు, కోతమిషను, బండికిరాయి అన్నియు ఇందులోనుండియే పోవలెను. తేమ నూటికి పదునేడు దాటినదన్నచో ధరలో కోత. తుపాను వచ్చినచో కోతయు లేదు, ధరయు లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కోతకు వచ్చిన చేలను పండబెట్టినది. 2025 అక్టోబరు 28 న మొంథా తుపాను మరల వచ్చినది. గాలివానకు చేను పండినది కౌలురైతుది. కాగితము మీద పేరు భూస్వామిది. పొలము గట్టు నెన్నడు తొక్కనివాడు బస్తాల లెక్క తప్పక చూచుకొనును. గట్టు మీద పగలు రేయి గడపినవానికి మిగులునది అప్పుపత్రము.

చట్టములు లేవా? ఉన్నవి. 1956 నాటి కౌలుదారీ చట్టము మక్తాకు పరిమితి విధించినది; ఆ పరిమితి కాగితము దాటి చేనిలోనికి దిగలేదు. 2011 లో సాగుదారులకు గుర్తింపు కార్డులియ్య చట్టము చేసిరి. 2019 లో పంటసాగుదారుల హక్కుల చట్టమని మఱియొకటి చేసిరి. పదునొకండు మాసములకు కార్డు. దానికి భూస్వామి సంతకము! సింహపు బోనులో జింకకు రక్షణ కల్పించి, తలుపు తీయు అధికారము సింహమునకే యొసగిన చందమిది. సంతకము చేసినచో భూమి పోవునేమోయని యజమాని భయము; కార్డు లేనిదే పంటరుణ మియ్యమని బ్యాంకు మొండి. కౌలురైతు ఎవరివద్దకు పోవలెను? ఎరువుల దుకాణమునకును, ధాన్యపు కమీషను వ్యాపారికిని, వడ్డీవ్యాపారికిని పోవును. 2019 నాటి జాతీయ సర్వేలో దేశమున సాగుకుటుంబములలో నూటికి ఏబదింటికి అప్పున్నట్లు తేలగా, ఆంధ్రప్రదేశమున నూటికి తొంబదిమూటికి ఉన్నట్లు తేలినది. కుటుంబమునకు సగటు అప్పు దేశమున 74,121 రూపాయలు. మన రాష్ట్రమున 2,45,554 రూపాయలు. అన్నపూర్ణ యని పేరు బడిన నేలకు అప్పులలో అగ్రస్థానము! ఇది సెల్‌ఫోను కొన్నందున వచ్చిన అప్పా?

పేదవాడు ఖర్చు పెట్టుటలేదని మేమనుట లేదు. పెట్టుచున్నాడు, మునుపటికంటె ఎక్కువగ పెట్టుచున్నాడు. దీని కారణము విచారింపవలెను. రాబడి తక్కువైనకొలది అందులో తిండి కగు భాగ మెక్కువగునని ఎర్నెస్ట్ ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త 1857 లోనే చూపెను. 1999–2000 లో మన దేశపు పల్లెవాసి నూరు రూపాయలలో ఇరువదిరెండు బియ్యము, గోధుమ మొదలగు ధాన్యములకే పెట్టెడివాడు. 2022–23 లో అది అయిదు రూపాయలకు దిగినది. నిమ్మకూరున పుట్టి 1983 లో గుడివాడనుండి గెలిచిన నందమూరి తారకరామారావుగారు ఆ సంవత్సరమే కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును తెచ్చిరి. ఆనాటినుండి తెల్లకార్డు బియ్యము పేదయింటి పొయ్యి నార్పలేదు. ఇది గొప్ప మేలు. ఐతే కడుపు నిండీ నిండకమునుపే బజారు వచ్చి వాకిట నిలిచినది. 2022–23 లో పల్లెవాసి ఆహారవ్యయమునందు పానీయములు, తయారుచేసి పొట్లములలో నమ్ము పదార్థములు అన్నిటికంటె పెద్ద భాగమైనవి. ధాన్యములకు అయిదు రూపాయలైన చోట వీనికి తొమ్మిదిన్నర. అన్నము చవుకయైన యింట మిగిలిన కాసు పాలకును, పప్పునకును కొంత పోయినది. రంగునీళ్లకును, ఉప్పుపొట్లములకును కొంత పోయినది. అది కూలివాడు పిలిచిన బజారు కాదు. ప్రతి గోడమీదను, ప్రతి తెరమీదను, అరచేతిలోని అద్దముమీదను రేయింబవళ్లు పిలుచుచున్న బజారు.

పెండ్లి సంగతి మఱియు లోతైనది. పదునారు దినముల పండుగ చేయుమని పేదవాని కెవరు నేర్పిరి? నిశ్చితార్థమునకు వేఱొక సభ, హల్దీకి వేఱొక సభ, ఆకాశమున ఎగురు కెమెరా, ఊరి మొగదల నిలువెత్తు ఫ్లెక్సీలు, నలువది రకముల వంటలు. ఇవి మన తాతలనాటి ఆచారములా? ఇవి మెరకను పుట్టినవి. ధనమున్నదని చాటుటకే ధనము వ్యర్థపరచు తీరును థార్‌స్టీన్ వెబ్లెన్ అను అమెరికా పండితుడు 1899 లోనే ఎండగట్టెను. డెల్టాలో దానికి పల్లమున్నది కనుక మఱింత వేగముగ పారుచున్నది. పైవానికి ఆడంబరము వినోదము. క్రిందివానికి అది గత్యంతరములేని పూచీకత్తు. ఆస్తిలేనివానికి ఊరిలో పరువే పరపతి. విస్తరి చిన్నదైనచో సంబంధము తప్పును, చదివింపులు తగ్గును, రేపు అప్పడిగినచో "వీని పని అయిపోయినది" అందురు. చదివింపుల పుస్తకము చూచినవారికి ఈ సంగతి తెలియును. అందు వ్రాసిన ప్రతి అయిదువందలు తిరిగి తీర్చవలసిన అప్పే. వరకట్నమును 1961 లోనే చట్టము నిషేధించినది. నేటికిని దాని ధర పెండ్లికొడుకు ఉద్యోగమును బట్టి పైమెట్టున నిర్ణయమగుచున్నది. క్రిందిమెట్టువారు ఆ ధరను జూచి తమ ధర కట్టుకొనుచున్నారు. పైనున్నవాడు తన కట్నమును గొప్పగా చెప్పుకొని, క్రిందివాడు అప్పుచేసి కట్నమిచ్చినచో అజ్ఞానమని నవ్వుట యేమి న్యాయము?

బంగారము మాట చెప్పకున్న మన సీమ కథ పూర్తి కాదు. 2025 ఏప్రిల్‌లో పదిగ్రాముల మేలిమి లక్ష రూపాయలు దాటినది. ఆ సంవత్సరమున మన రాష్ట్రమున ఉపాధిహామీ కూలి దినమునకు 307 రూపాయలు. కాసు బంగారమునకు, అనగా ఎనిమిది గ్రాములకు, ఇన్నూట అరువది దినముల కూలి చెల్లవలెను. ఆ పథకము కుటుంబమునకు ఏటికి హామీ యిచ్చినది నూరు దినములు. తిండి మాని, బట్ట మాని, రెండున్నర సంవత్సరములకు పైగా కూడబెట్టినచో ఒక కాసు! అందువలననే చిలకలపూడి గిల్టు నగకు దేశమంతట గిరాకి. బందరులో మన పనివారు రాగిమీద పైడిపూత పూసి, రాళ్లు పొదిగి, లక్షలాది పేద మెడలకు పెండ్లికళ నిచ్చుచున్నారు. వారి పనితనమునకు మేము నమస్కరింతుము. కాని ఆ నగలో మన సంఘపు ముఖమే కన్పట్టుచున్నది గదా! ఒకరికి బంగారము, ఒకరికి బంగారపు రంగు. ఆ రంగు పూయువాడు ఆమ్లపు పొగ పీల్చి సాయంకాలము ఇంటికి తెచ్చుకొను కూలితో తన బిడ్డకు అసలు బంగారము కొనలేడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు కోల్పోయిన దివిసీమకు ఇల్లు, గొడ్డు, గరిసె ఏదియు నిలువదని తెలియును. ఒంటిమీది తునుక మాత్రమే మనిషితోకూడ ప్రాణము దక్కించుకొనును. ఆ తునుకకై పేదది పడు ఆరాటమును దుబారా యనువారు ఉప్పెన నెఱుగనివారు.

అప్పు సంగతి మన జిల్లా దేశమునకే పాఠము చెప్పినది. ఆడవారిని గుంపులుగ కట్టి, ఒకరికొకరిని పూచీ పెట్టి, వారము వారము వాయిదా వసూలుచేసిన సూక్ష్మరుణ సంస్థల దౌర్జన్యముపై మొఱలు చెలరేగగా 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు ఆ సంస్థల శాఖలు సుమారు ఏబదింటిని మూసివేసిరి. పాఠ మెవరును నేర్వలేదు. 2010 ఆగస్టులో అట్టి సంస్థలలో పెద్దదైన ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్సు షేర్లు బొంబాయి బజారునకు రాగా మదుపరులు ఎగబడి కొనిరి. రెండు నెలలు తిరుగకమునుపే, ఆత్మహత్యల వార్తల నడుమ, రాష్ట్రప్రభుత్వము అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసివచ్చినది. పేదరాలి వాయిదా ధనికుని లాభముగ మాఱు యంత్రము నంతకంటె స్పష్టముగ ఎవరు చూపగలరు? 2022 లో రిజర్వుబ్యాంకు వడ్డీ పరిమితిని తొలగించి, కుటుంబపు నెలరాబడిలో సగమునకు మించి వాయిదాలుండరాదని నియమము చేసినది. సగము వాయిదాలకు పోవచ్చునని చెప్పుట కనికరమట! నేడు ఆ వాయిదా సెల్‌ఫోనులోనుండియే పుట్టుచున్నది. వస్తువును చూపునదియు అదే, అప్పిచ్చునదియు అదే, మీట నొక్కినంత మాత్రమున రెండును తగులుకొనును.

ప్రభుత్వమేమైన తక్కువ తిన్నదా? దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ఉద్యమమునకు తలయొగ్గి 1993 అక్టోబరులో సారాను నిషేధించిరి. 1995 లో సంపూర్ణ మద్యనిషేధము తెచ్చిరి. ఖజానా వట్టిపోవుచున్నదని 1997 లో ఎత్తివేసిరి. 2024 అక్టోబరులో క్రొత్త దుకాణములతో పాటు తొంబదితొమ్మిది రూపాయల సీసాయు వచ్చినది. కూలివాడు త్రాగుచున్నాడని నిందించు పాలకవర్గము కూలివాని కూలికి సరిగ్గా సరిపోవునట్లు సీసా వెల కట్టుటలో ఎంత నేర్పు చూపినదో గమనింపుడు! పన్నుల తీరును ఇట్టిదే. మృతుల ఆస్తిపై పన్నును 1985 లో తీసివేసిరి; సంపదపన్నును 2015 లో తీసివేసిరి; 2019 లో కంపెనీలపై పన్నును ముప్పది శాతమునుండి ఇరువదిరెంటికి దించిరి. పేదవాడు రుద్దుకొను సబ్బునకు మాత్రము 2025 సెప్టెంబరు 22 దాక నూటికి పదునెనిమిది రూపాయలు వసూలుచేసిరి. ఆ తేదీన అయిదునకు తగ్గించి, దానినే పండుగగా జరుపుకొనుమనిరి. ఎనిమిదేండ్లు తీసికొన్నదానికి పశ్చాత్తాప మేది?

ధనికుడు ఖర్చుపెట్టినగదా పేదవానికి పని దొరకునని యొక యుక్తి గలదు. మేము దానిని త్రోసిపుచ్చము. ఏ ఖర్చు, ఎచ్చటి పని యని అడుగుదుము. 1907 ఏప్రిలులో బిపిన్‌చంద్రపాలు గారు ముట్నూరి కృష్ణారావుగారితో ఆంధ్రదేశమున పర్యటించి ఈ బందరున నుపన్యసించినప్పుడు మన పెద్దలు నేర్చిన పాఠమిదియే. కొనుట యనునది కేవలము సొంతవ్యవహారము కాదు. మన రూపాయి ఎవరి పొయ్యి వెలిగించుచున్నదను విచారము దేశభక్తిలో మొదటి మెట్టు. ఆ పాఠముననుసరించి 1910 లో ఆంధ్రజాతీయ కళాశాల వెలసినది. నేతయు, అద్దకమును చదువులో భాగమైనవి. నేడు పెండ్లికి లక్షలు గ్రుమ్మరించు గుడివాడ గృహస్థు పెడనలో అచ్చు వేసిన కలంకారీ బట్ట నెన్ని గజములు కొనుచున్నాడు? చీర సూరతునుండి వచ్చును. దీపము చీనానుండి వచ్చును. వంటవారు బెజవాడనుండి వత్తురు. వేడుక నడుపు కంపెనీ హైదరాబాదునుండి వచ్చును. ఊరివానికి దక్కునది విస్తళ్లెత్తు కూలి. ఒకప్పుడు ఓడలలో పారసీకమునకును ఐరోపాకును పోయిన బందరు అద్దకము, బందరు పెండ్లిపందిరిలోనికి పోలేకున్నది!

కావున మా కోర్కెలు స్పష్టముగ చెప్పుచున్నాము. ఒకటి: సాగుచేయువాని గుర్తింపునకు భూస్వామి సంతకముతో పని యుండరాదు. చేను దున్నుచున్నది ఎవరో ఊరంతకు తెలియును. గ్రామసభ యెదుట విచారించి కార్డు ఈయవలెను. పంటరుణము, భీమా, నష్టపరిహారము ఆ కార్డును అనుసరింపవలెను. రెండు: సహకారసంఘములలో కౌలురైతును, గిల్టుపనివానిని, అద్దకపు కూలిని, జాలరిని సభ్యులుగ చేర్చుకొని, పెట్టుబడికే గాక ఆపదకును చిన్న అప్పు లియ్యవలెను. సముద్రమున వేట నిషేధించిన అరువదియొక్క దినములకు 2025 నుండి జాలరి కుటుంబమునకు ఇరువదివేల రూపాయలిచ్చుచున్నారు; మంచిదే. ఆ సొమ్ము నిషేధము మొదలగు ఏప్రిల్ 15 వ తేదీకి ముందే చేతికంద వలెను గాని, గిలకలదిండి రేవులో అప్పు పుట్టిన పిమ్మట గాదు. మూడు: గిల్టు పనికిని, అద్దకపు పనికిని న్యాయమైన కూలి నిర్ణయించి, ఆరోగ్యరక్షణ కల్పించి, అమలు జరుపవలెను. నాలుగు: పెద్ద ఆస్తులపై పన్నును పునరుద్ధరించి, ఆ ధనముతో ప్రభుత్వపు బడిని, ఆసుపత్రిని పేదవాడు నమ్మి పోదగినవానిగ చేయవలెను. పల్లెటూరి కుటుంబమును క్రుంగదీయు ఖర్చులలో కళ్యాణమండపముకంటె కాన్వెంటు ఫీజును, ఆసుపత్రి బిల్లును వెనుకబడినవి కావు. ఐదు: కాలువనీరు శివారునకు ముందు చేరునట్లు వంతులు వేయవలెను. 2015 నుండి పట్టిసీమ ద్వారా గోదావరి జలము కృష్ణకు వచ్చుచున్నను, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ చివరి చేనికి పోవునప్పటికి ఉప్పునీరే ముందుగ చేరుచున్నది.

ఇక మా మాట కలవారితో. అయ్యా! మీరు సన్యసింపుడని మేము కోరము. మీ యింట పెండ్లి శోభగా జరుగుగాక! కాని మీరు వేయు ప్రతి పందిరి ఊరిలో ఒక కొలబద్ద యగుచున్నదని మఱవకుడు. మీరు రెండుదినముల వేడుక ఒకదినమున ముగించినచో మీ మర్యాదకు లోటు రాదు. మీ పాలేరు కొడుకు వేయి అప్పులు తప్పించుకొనును. ఊరి పెద్దలు పదిమంది కూర్చుండి, మా యిండ్లలో ఇంతకు మించి వడ్డింపము, కట్నము చెప్పము, తీసికొనము అని కట్టుబాటు చేసికొన్నచో అది ఏ చట్టముకంటెను బలవంతమగును. మర్యాద పైనుండి దిగవలసినదే; దిగనిండు. పొదుపును పేదవానికి బోధించుటకు ముందు మీ గడపలో దానిని పాటింపుడు. మీరు పాటింపని ధర్మమును మీ కూలివానికి బోధించు అధికారము మీకు లేదు.

కష్టజీవులతోను మాకొక మాట గలదు. సోదరులారా! తల్లులారా! మీరు పెట్టు ఖర్చును పెద్దలు నిందించినట్లు మేము నిందింపము. పరువుగా బ్రదుకవలెనను కోరిక పాపము కాదు. ఐనను మీ పరువు నెవరి కొలబద్దతో కొలుచుకొనుచున్నారో యొక్కపరి చూచుకొనుడు. ఆ కొలబద్ద మిమ్ము క్రుంగదీసినవారి చేతిది. మీ పరువు మీ సంఘముననున్నది, మీ బిడ్డ చదువుననున్నది, అప్పులేని గడపయందున్నది. ఒంటరిగ నిలిచి "నేను పెద్ద పందిరి వేయను" అన్నవానిని ఊరు నవ్వును; పేటయంతయు కలిసి అన్నచో నవ్వుటకు ఎవరును మిగులరు. దూబగుంట ఆడవారు సారాను ఒంటరిగ ఆపలేదు, ఒక్కటిగా ఆపిరి. వాయిదాల వలనుండియు, మద్యపు దుకాణమునుండియు, కట్నపు బజారునుండియు బయటపడు దారి అదియే. దానితో పాటు అడుగవలసినది అడుగుడు. కూలి అడుగుడు, కార్డు అడుగుడు, నీరు అడుగుడు. పొదుపు మీ ధర్మమైనచో, న్యాయమైన రాబడి మీ హక్కు. హక్కును విడిచి ధర్మమును మాత్రము బోధించువాని మాట వినకుడు.

1948 లో జమీందారీల రద్దు చట్టము వచ్చినప్పుడు చల్లపల్లి ఎస్టేటు రైతు శతాబ్దముల భారము దింపుకొన్నాడు. అంతకు ముందు, అది దైవనిర్ణయమనియు, కదలింప శక్యముకాదనియు చెప్పినవారు ఎందఱో గలరు. కదలినది. 1852 కు ముందు కృష్ణానీరు వృథాగ సముద్రమున కలియుట సహజమనుకొన్నారు. అడ్డుకట్ట పడినది, పల్లమునకే పోవు నీరు మనుష్యప్రయత్నముచే మెరకచేలకును మళ్లినది. నీటిని మళ్లించగలిగిన జాతి రాబడిని మళ్లింపలేదా? కాలువలు త్రవ్వుటకు పారలు పట్టినది ఈ డెల్టా కూలివాడే. రెండవ కాలువకును వాడు సిద్ధముగనే యున్నాడు. లాకుల తాళములు చేతబట్టుకొని కూర్చున్నవారే సమాధానము చెప్పవలసియున్నది.